పాదాలు వినే మనిషి

పోయిన వారం మిమ్మల్ని మాస్టారి పెరట్లో నిలబెట్టి వదిలేశాను. అది బుధవారం పొద్దున. ఆదివారం లోయీసా ఊరంతా ప్లాజాలో చేరి దోన్ కాసిల్దో లాన్సోకి సన్మానం చెయ్యబోతోంది. డెబ్బై తొమ్మిదేళ్ల ఆ మనిషి, భార్య ఫెలీసితా పోయిన ఎనిమిది నెలలకు, ఆ రోజున మళ్లీ డోలు ముట్టుకుంటారని అందరం ఎదురు చూస్తున్నాం. సన్మానం చొక్కా సరిపోతుందో లేదో చూద్దామని నేను వాళ్లింటికి వెళ్లాను. ఆయన నాకు వీపు పెట్టి కూర్చుని మేకతోలు గీకుతున్నారు. మూడుసార్లు పిలిచాను. పలకలేదు. నాలుగోసారి పిలవబోతుంటే కోళ్లగూడు మీది జింకు రేకు గాలికి ఊడి, కిందున్న ఇనప తొట్టి మీద ఢమాలున పడింది. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. పక్కింటి కుక్క గొలుసు తెంపుకున్నంత పని చేసింది. మాస్టారి భుజం కూడా కదల్లేదు.

అక్కడి నుంచి చెబుతాను.

చొక్కా పట్టుకుని ఆయన చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడ్డాను. నా నీడ తోలు మీద పడగానే తలెత్తి నవ్వారు. తర్వాత నా మొహం చూశారు. వెనక్కి తిరిగి కింద పడి ఉన్న రేకును చూశారు. మళ్లీ నా మొహం చూశారు. నవ్వు మెల్లగా ఆరిపోయింది.

"బాగా పెద్ద చప్పుడైందా?" అనడిగారు.

నేను తల వంచుకుని ఏదో గొణిగాను.

"పిల్లా, తలెత్తి మాట్లాడు. నీ నోరు నాకు కనపడాలి."

ఇసకలోనే ఆయన ఎదురుగా కూర్చున్నాను. నా పేరు నెరెయిదా, బడి వంటశాలలో వంట చేస్తాను, ఈ కథలో నా గొప్పతనం అంతకు మించి ఏమీ లేదు. కానీ పదిహేనో ఏట మొదటిసారి ఆడింది ఆయన డోలు ముందే. ఇరవై ఏడో ఏట "నాకూ వాయించడం నేర్పండి" అని అడిగితే, మగవాళ్లందరూ పకపకా నవ్వుతుండగా, ఒక్క మాట అనకుండా కాలితో ఒక పీపా డోలు నా వైపు జరిపిన మనిషి ఆయనే. అప్పటి నుంచి పదకొండేళ్లు, వారానికి రెండు సాయంత్రాలు ఈ పెరట్లోనే గడిచాయి.

"ఎన్నాళ్ల నుంచి మాస్టారూ?"

"బొత్తిగా వినపడక పద్నాలుగేళ్లు."

నేను లెక్క వేసుకున్నాను. నా పదకొండేళ్లూ అందులో ములిగిపోయాయి. "ఎడం చెయ్యి ఆలస్యం" అన్నప్పుడు, "ఆ దెబ్బలో ఊపిరి లేదు, మళ్లీ" అన్నప్పుడు, మూడు వారాల పాటు ఒకే ఒక్క దెబ్బ వాయించి వాయించి అరచేతులు పగిలాక "ఇప్పుడు వచ్చింది" అన్నప్పుడు, నా దెబ్బ ఒక్కటి కూడా ఆ చెవుల్లోకి పోలేదన్న మాట.

ఒళ్లు మండిపోయింది. "అయితే ఇన్నేళ్లూ నన్ను మోసం చేశారా? మీ ముందు ఏడ్చాను కదా నేను! రాలేదు, నా వల్ల కాదు అని ఏడ్చాను! ఏమీ వినకుండానే మళ్లీ, మళ్లీ అంటూ కూర్చున్నారా?" అని అరిచాను.

ఆయన చెయ్యి ఎత్తారు. "అలా అరిస్తే నోరు వంకర పోతుంది, నాకు సగం అర్థం కాదు. మామూలుగా తిట్టు."

ఏం చేస్తాను? మామూలుగా తిట్టాను. ఓపిగ్గా నా పెదాలు చూస్తూ అంతా పూర్తయ్యేదాకా కూర్చున్నారు. అయ్యాక, "నీకు తప్పు నేర్పానా?" అని మాత్రం అడిగారు.

ఆయన నేర్పినదాంట్లో ఒక్క దెబ్బ తప్పని ఈ దీవి మీద ఎవ్వరూ అనలేదు.

అప్పుడు చెప్పారు. పదిహేడో ఏట చక్కెర మిల్లు బాయిలర్లోకి దూరారట. చెరకు సీజన్ అయిపోయాక బాయిలర్ లోపల పట్టిన గట్టి పొరను గీకాలి. లోపల ఈయన గీకుతుంటే, బయటి నుంచి ఇంకొకడు సుత్తితో ఇనప గోడ మీద కొడతాడు. అలా ముప్పై ఒక్క సంవత్సరాలు.

"ముందు కోకీ కప్పలు పోయాయి," అన్నారు. "చీకటి పడితే చెట్ల మీద అరుస్తాయే, అవి. ఈ ఏడు వానలు లేవు, కప్పలు తగ్గినట్టున్నాయి అని ఫెలీసితాతో అన్నాను. ఆమె నా వైపు అదోలా చూసింది. బయట చెవులు చిల్లులు పడేట్టు అరుస్తున్నాయట. తర్వాత ఆమె గొంతు పల్చబడింది. తర్వాత తోలు అంచు మీది దెబ్బ పోయింది, కిణ్ణుమంటుందే, అది. మధ్య దెబ్బ మాత్రం నాతో చాన్నాళ్లు ఉంది. ఒకరోజు పొద్దున లేచి కొట్టి చూస్తే అదీ లేదు."

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే నన్ను ఇంట్లో కూర్చోబెడతారు. పాపం పెద్దాయన అని గంజి పంపిస్తారు. ఫెలీసితా ఒప్పుకోలేదు. నీ కాళ్లున్నాయి, కళ్లున్నాయి, నేనున్నాను, వాయించు అంది."

దోన్యా ఫెలీసితా ప్రతి బోంబాలోనూ, అంటే మా డోలు ఆటలో, ఆయన పక్కనే, అదే బల్ల మీద, చెప్పులు విప్పి కూర్చునేది. తన పాదం ఆయన పాదం మీద ఉండేది. ఊరంతా వేళాకోళం చేసేవాళ్లం. "డెబ్బై ఏళ్లొచ్చినా సరసాలు పోలేదమ్మా వీళ్లకి!" అని మా అమ్మే ఎన్నిసార్లు అందో. ఆ పాదం ఆయనకు పాట ఎప్పుడు మొదలైందో చెప్పింది, తోడు డోళ్లు ఏ నడకలో ఉన్నాయో చెప్పింది, పాడేవాళ్లు వేగం పెంచితే నొక్కింది, ఆపితే ఎత్తింది. పద్నాలుగేళ్ల పాటు మూడొందల మంది కళ్ల ఎదుట ఆ మాట నడిచింది. ఒక్కరం కనిపెట్టలేదు. ఆమె పోయాక ఆయన డోలు ముట్టకపోతే, దుఃఖం అనుకున్నాం.

"మిగతాదంతా చూడటమే," అంటూ ఆయన నా చెయ్యి తీసుకుని నా మెడ కింది ఎముక మీద పెట్టారు. "చేతులు అబద్ధం ఆడతాయి, నెరెయిదా. ఎంత బాగా అయినా ఆడతాయి. ఇక్కడ చూడు. దెబ్బ ఇక్కడ పుడుతుంది, చేతికి తర్వాత వస్తుంది. ఇది బిగుసుకుందంటే దెబ్బలో ఊపిరి లేనట్టే. వినక్కర్లేదు."

నేను ఆయన చేతుల వైపు చూస్తూ ఉండిపోయాను. పంతొమ్మిది వందల ఇరవై ఎనిమిదో సంవత్సరం తుపాను రోజుల్లో మా నాయనమ్మ పది రోజుల బాలింత. ఇల్లు పోయింది, దారులు పోయాయి. తెల్లారేసరికి ఎక్కడ చూసినా నీళ్లూ, పడిపోయిన కొబ్బరి చెట్లూ. ఎవరు బతికున్నారో, ఎవరెక్కడున్నారో తెలియదు. అప్పుడు ఇసక దిబ్బ మీద నుంచి డోలు వినపడిందట. ఇరవై నాలుగేళ్ల కాసిల్దో, మిగిలిన ఒక్క పీపాను వీపున కట్టుకుని ఎక్కి, పొద్దెక్కేదాకా ఆపకుండా వాయించాడు. ఆ మోత పట్టుకుని ఒక్కొక్కరే నడిచి వచ్చారు. మా నాయనమ్మ మా నాన్నను గుండెకు కట్టుకుని నడుం లోతు నీళ్లలో వచ్చింది. నేను ఇవాళ భూమ్మీద ఉన్నానంటే ఆ చేతుల వల్లే. ఆ చేతుల చప్పుడు ఆయనకే వినపడటం లేదు.

అప్పుడు వీధిలో కారు ఆగింది. నేను తల తిప్పాను. ఆయన కారు వినలేదు, నా తల తిరగడం చూశారు.

"ఎవరు?"

"ఎదెల్మీరో."

మాస్టారు గీకుడు కత్తి పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నారు. "రానీ. నువ్వేమీ చెప్పకు."

ఎదెల్మీరో ఎస్కలేరా గురించి ముందు భాగాల్లో కాస్త చెప్పాను. నాకంటే మూడేళ్లు పెద్ద. ఒకప్పుడు మాస్టారికి కుడి భుజం. తొమ్మిదేళ్ల కిందట సాంతియాగో పండగలో, ఊరంతా చూస్తుండగా, మాస్టారు లేచి వెళ్లి అతని డోలు మీద అరచెయ్యి పెట్టి ఆపేశారు. "నువ్వు అబద్ధం వాయిస్తున్నావు, లే" అన్నారు. అతను లేచి వెళ్లినవాడు సాన్ హువాన్‌లోనే ఆగాడు. ఇప్పుడు అక్కడ పెద్ద హోటళ్లలో వాయిస్తాడు, టీవీలో కనపడతాడు. ఆదివారం సన్మానంలో మాస్టారితో ఎదురెదురు కూర్చుని వాయిస్తానని రేడియోలో చెప్పాడు. అది ప్రేమో పగో మాకెవరికీ అంతుపట్టలేదు.

తెల్ల బూట్లతో, భుజాన తన డోలుతో, వెనక తోడు డోళ్లు మోసే ఇద్దరు మనుషులతో పెరట్లోకి వచ్చాడు. టోపీ తీశాడు.

"ఆశీర్వదించండి మాస్టారూ."

"దేవుడు నిన్ను చల్లగా చూడాలిరా. చిక్కిపోయావేం?"

"చిక్కలేదు, సాన్ హువాన్‌లో చొక్కాలు వదులుగా కుడతారు." నా వైపు తిరిగాడు. "ఏమే నెరెయిదా, ఇంకా బడి పిల్లలకి చిక్కుడు గింజలు ఉడకబెడుతూనే ఉన్నావా?"

"ఉడకబెడుతున్నాను. నువ్వు ఇంకా అద్దం ముందు వాయిస్తూనే ఉన్నావా?"

మాస్టారు మా ఇద్దరి నోళ్లూ మార్చి మార్చి చూసి నవ్వారు. ఆ నవ్వు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం ఎప్పుడూ ఉంది. పెద్దరికం అనుకునేవాళ్లం.

"ఆదివారానికి ముందు ఒకసారి చేతులు కలుపుదామని వచ్చాను," అన్నాడు ఎదెల్మీరో. "ఆడేవాళ్లు వద్దు, పాట వద్దు. నేను డోలుతో అడుగుతాను, మీరు డోలుతో చెప్పండి. అంతే."

ఆడేవాళ్లు లేకుండా! చూడటానికి ఏముంటుంది ఆయనకి?

మాస్టారు మాత్రం లోపలికి వెళ్లి తన ప్రీమో, జవాబు చెప్పే డోలు, తెచ్చుకున్నారు. రమ్ము పీపాతో ఆయనే చేసింది, ఎనిమిది నెలల దుమ్ము దాని నడుం చుట్టూ ఉంది. బల్ల మీద కూర్చుని మోకాళ్ల మధ్య పెట్టుకున్నారు. పక్కన చోటు ఖాళీగా ఉంది. ఆ చోటు వైపు చూడకుండా చెప్పులు విప్పారు.

తోడు డోళ్లు మొదలయ్యాయి. ఎదెల్మీరో అడిగాడు: చిన్న ప్రశ్న, మూడు దెబ్బలూ ఒక విరుపూ. మాస్టారి కళ్లు అతని మెడ మీద ఉన్నాయి. జవాబు వెంటనే వచ్చింది. రెండోదీ, మూడోదీ అలాగే వచ్చాయి. నేను ఊపిరి తీసుకున్నాను.

అప్పుడు ఎదెల్మీరో కళ్లు మూసుకుని, తన మనుషుల వైపు ఒరిగి, డోలు మీద వాలిపోయాడు. అతని చేతులు పీపా అంచు వెనక్కి పోయాయి. భుజం అటు తిరిగింది. మాస్టారికి ఇక వదులు చొక్కా తప్ప ఏమీ కనపడదు. జవాబు ఆలస్యమైంది. తర్వాతిది ఇంకా ఆలస్యమైంది. ఆ తర్వాత ఒక ప్రశ్న వచ్చి పోయింది, మాస్టారి చేతులు గాల్లోనే ఆగి ఉన్నాయి. తోడు వాయిస్తున్న మనిషి ఒకడు దగ్గి మొహం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దాయన అయిపోయాడు అనుకుంటున్నాడని ఆ దగ్గులోనే తెలిసింది.

నేను చెప్పులు విసిరేసి ఇద్దరి మధ్యకు దూకాను.

బోంబాలో డోలు ఆడేవాళ్ల వెనక నడుస్తుంది. నేను భుజం విసిరితే ఆ విసురు తోలు మీద పలకాలి, నేను ఆగితే డోలు ఆగాలి. అడిగేది పాదం, చెప్పేది ప్రీమో. డోలు విని దాని వెనక కాళ్లు వేసేది ఇంకా నడక సరిగా రాని పిల్లలు. పదిహేనో ఏట నుంచి నేను ఆ తప్పు చెయ్యలేదు. ఆ రోజు కావాలని చేశాను. ఎదెల్మీరో కొట్టిన ప్రతి దెబ్బనూ నా ఒంటి మీదకు తెచ్చుకున్నాను, ఇది భుజం, ఇది మడమ, ఇది పావడా అంచు అని మాస్టారికి చూపిస్తూ. ఆయన చేతులు వెంటనే లేచాయి. నా ఒంటి మీద చదివి చదివినట్టు జవాబిచ్చారు.

"ఏమే, డోలు తోక పట్టుకుని ఆడుతున్నావేం?" ఎదెల్మీరో నవ్వాడు. "లోయీసాలో ఇప్పుడిలా ఆడుతున్నారా? మా హోటల్లో టూరిస్టులు నయం!"

చెవులు వేడెక్కాయి. ఆపలేదు. ఇంకో నాలుగు ప్రశ్నలు, నాలుగు జవాబులు.

ఆపింది మాస్టారు. అరచెయ్యి తోలు మీద ఆనించి లేచి నిలబడ్డారు.

"చాలు నెరెయిదా. నా పరువు నిలబెట్టడానికి నీది తీసుకోకు." ఎదెల్మీరో వైపు తిరిగారు. "ఒరే, నాకు వినపడదు. పద్నాలుగేళ్లయింది. ఈ పిల్ల నీ డోలును నాకు చూపిస్తోంది. నీతో చెప్పకూడదనుకున్నాను. ఈ పిల్ల నా కోసం తల దించుకుని ఆడుతుంటే చూస్తూ కూర్చోలేను."

తోడు డోళ్లు ఒకదాని వెనక ఒకటి ఆగిపోయాయి. ఎదెల్మీరో నవ్వబోయి, నా మొహం చూసి, నవ్వలేదు. అతని పెదాలు కదులుతున్నాయి. నేను పొద్దున వేసుకున్న లెక్కే అతనూ వేసుకుంటున్నాడు.

"పద్నాలుగేళ్లా," అన్నాడు. "అంటే ఆ రోజు... ఆ పండగ రోజు కూడా?"

"ఆ రోజు కూడా."

"నా డోలు వినలేదు మీరు."

"వినలేదు."

"వినకుండానే లేచి వచ్చి, మూడొందల మంది ముందు, అబద్ధం వాయిస్తున్నావన్నారు!" లేచి ముందుకు వచ్చాడు. "మా అమ్మ ఆ గుంపులో ఉంది మాస్టారూ. పళ్లెంలో ఆల్కపూరియాలు పట్టుకుని, నేను దిగాక తినిపిద్దామని నిలబడి ఉంది. ఆ రాత్రే నేను ఊరు విడిచాను. తొమ్మిదేళ్లు ఏ డోలు ముందు కూర్చున్నా మీ అరచెయ్యి దాని మీద కనపడేది నాకు. చెవిటి మనిషి తీర్పా అది? చెవిటి మనిషి తీర్పుకా నేను ఇన్నేళ్లు ఏడ్చింది?"

మాస్టారు అతని పెదాల మీంచి కళ్లు తిప్పలేదు. అతను ఆగేదాకా ఆగి, నెమ్మదిగా అన్నారు. "నీ డోలు వినలేదు. నిన్ను చూశాను. నీ ముందు ఎవరు ఆడుతున్నారో గుర్తుందా?"

"ఎవరో..." ఎదెల్మీరో తడబడ్డాడు. "గుర్తులేదు."

"అదీ సంగతి. ఆడుతున్నది ఈ పిల్ల. నువ్వు ఫోటో తీసేవాడి వైపు చూస్తున్నావు. రెండో విసురులో ఈమె కుడి చీలమండ మడతపడింది. మొహం తెల్లబోయింది. పడిపోకుండా పక్కకు తూలితే, నువ్వు ఆ తూలుడు మీద కూడా ఏదో దంచావు. జనం అది కొత్త అడుగనుకుని చప్పట్లు కొట్టారు. మనిషి నొప్పితో విలవిల్లాడుతుంటే చప్పట్లు! నీ డోలు అప్పుడు ఆగాలి. ఆగలేదు. అందుకే నేను లేచాను."

ఎదెల్మీరో నా వైపు తిరిగాడు. "నిజమా?"

"ఎముక చిట్లింది," అన్నాను. "ఆరు వారాలు కట్టు."

"ఇంటి మెట్ల మీద పడ్డావన్నారు అందరూ!"

"అలా చెప్పమన్నాను. అప్పటికే నీకు అంత అవమానం జరిగింది. ఇంకా ఎందుకులే అని."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు నా వైపు ఎప్పుడు చూశావురా, చెప్పడానికి?"

అతను బల్ల చివర కూర్చుండిపోయాడు. తర్వాత తలెత్తాడు. డోలు నేర్చుకోవడానికి వచ్చిన మొదటి రోజు ఎలా ఉన్నాడో ఆ మొహం అలా ఉంది.

"చూపించండి మాస్టారూ," అన్నాడు. "ఒక్కసారి నాకు చూపించండి."

మాస్టారు నా వైపు చూసి తల ఊపారు. నేను ఎదురుగా వెళ్లి, డోలుకు వంగి దండం పెట్టి నిలబడ్డాను. యుబా అనే నడక అందుకున్నారు తోడు వాయించేవాళ్లు, నిదానంగా, బరువుగా. ఈసారి ఎవరి వెనకా ఆడలేదు.

ముందు కుడి పాదం జరిపాను, ఇసక మీద గీత గీసినంత. ప్రీమో మీద వేలి గోరు జరిగింది. భుజం విసిరాను, పిడుగు పడ్డట్టు పలికింది. ఇరవై మూడేళ్లుగా ఈ మనిషి ముందు ఆడుతున్నాను, ఆ రోజే మొదటిసారి భయం వేసింది. ఆ కళ్లు నా వెంట్రుకలు కూడా వినేట్టున్నాయి. పరీక్షిద్దామని కొంటెబుద్ధి పుట్టింది. కుడి వైపు తిరగబోతున్నట్టు నడుం ఊపి ఎడమకు తిరిగాను. డోలు మోసపోలేదు, నాతో పాటే ఎడమకు వచ్చేసింది. పావడా అంచు రెండు వేళ్లతో పట్టుకుని ఒక్క కొస మాత్రం విదిల్చాను. తోలు అంచు మీద కిణ్ణుమని ఒక్క చుక్క రాలింది. ఆ చుక్క ఆయనకు వినపడక ఇరవై ఏళ్లు దాటి ఉంటుంది. అది ఎక్కడ ఉందో వేలికి గుర్తుంది.

చివరికి అన్నీ ఆపేశాను. చేతులు, కాళ్లు, మొహం. ఊపిరి బిగబట్టి రాయిలా నిలబడ్డాను. డోలూ ఆగింది. పది దెబ్బల పాటు తోడు డోళ్లు ఒంటరిగా నడిచాయి. ఇక ఉండలేక ఊపిరి వదిలాను, అంతే, ఛాతీ దిగినంత. ఆయన అరచెయ్యి తోలు మీద మెత్తగా రాసుకుంటూ దిగింది. నా ఊపిరి బయటికి పోయిన చప్పుడు అది. నా చెవులతో విన్నాను.

నాకు కళ్ల నీళ్లు ఆగలేదు. తోడు వాయిస్తున్న ఇందాకటి దగ్గు మనిషి పెదాలు కదుపుతూ శిలువ గుర్తు వేసుకున్నాడు.

ఎదెల్మీరో ఎప్పుడు లేచాడో చూడలేదు. ఆ మనిషి భుజం తట్టి లేపి, అతని తోడు డోలు ముందు తాను కూర్చున్నాడు. మొదటి ఏడాది కొత్తవాళ్లకు ఇచ్చే డోలు అది, ఒకే నడక, పేరు రాదు, చప్పట్లు రావు. దాని ముందు కూర్చుని, నా పాదాల మీంచి చూపు తిప్పకుండా, ఆట అయ్యేదాకా వాయించాడు. వెళ్లేటప్పుడు మాస్టారి ఎదురుగా నిలబడి, పెదాలు స్పష్టంగా కదుపుతూ అన్నాడు. "ఆదివారం ప్రీమో మీదే. నేను తోడు వాయిస్తాను. రేడియో వాళ్లు ఏమైనా అనుకోనీ."

మాస్టారు అతని చెంప మీద మెల్లగా తట్టారు. అవునని గానీ కాదని గానీ అనలేదు.

కారు వెళ్లిపోయింది. మధ్యాహ్నం ఎండ పెరట్లో సగానికి వచ్చింది. చొక్కా తొడిగి చూస్తే చేతులు అంగుళం పొడుగు. మడత కోసం గుండుసూదులు పెడుతున్నాను.

"ఆదివారం నేను ప్రీమో వాయించను," అన్నారు మాస్టారు.

సూది నా వేలికి గుచ్చుకుంది. "ఇప్పుడే కదా అంత..."

"ఇవాళ ఆడింది నువ్వు. ఇటు రా. నా కుడి పక్కకి. ఇంకొంచెం. ఆ, ఇప్పుడు నువ్వు లేవు." ఆయన ఎదురుగా చూస్తున్నారు. నేను ఆయన చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఉన్నాను. "కుడి కన్ను ఈస్టర్ నుంచి పొగ. ఎడం కంట్లో మధ్య భాగం మిగిలింది. అదీ ఎక్కువ రోజులు ఉండదన్నాడు డాక్టరు. ఇవాళ నీ కుడి పాదం నాకు అసలు కనపడలేదు."

ఏం మాట్లాడినా ఆయనకు తెలియని వైపు ఉన్నానని, చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చాను. "కానీ ప్రతి అడుగుకీ జవాబిచ్చారు కదా!"

"నీ ఎడం భుజం ఎలా లేస్తే కుడి కాలు ఏం చేస్తుందో నాకు తెలుసు. ఇరవై మూడేళ్ల పరిచయం. ఆదివారం ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి ఆడతారు. వాళ్ల భుజాలు నాకు తెలియవు. వాళ్లకు దొంగ జవాబులు ఇవ్వలేను."

చుట్టూ తిరిగి ఎదురుగా వచ్చాను. "అయితే సన్మానం? ఊరంతా వస్తుంది. ఏం చేస్తారు మాస్టారూ?"

"ప్రీమో ఎదెల్మీరో వాయిస్తాడు. వాడు ఇవాళ నీ పాదాలు చూశాడు, ఇక మర్చిపోడు." ఆయన చొక్కా విప్పి, జాగ్రత్తగా మడిచి, ఫెలీసితా కూర్చునే చోట పెట్టారు. "నేను ఆడతాను."

"మీరా!"

అరవై ఎనిమిదేళ్లు డోలు వెనక గడిపిన మనిషి. ఆయన ఒక్క అడుగు ఆడగా చూసినవాళ్లు ఊళ్లో లేరు.

"ఆడేవాడికి చెవులెందుకు? కళ్లెందుకు?" అన్నారు. ఆ మొహంలో నేనెప్పుడూ చూడని సిగ్గు, పెళ్లిచూపుల్లో కూర్చున్న కుర్రాడికి ఉండేలాంటిది. "ఆడేవాడు అడుగుతాడు, డోలు వచ్చి పట్టుకుంటుంది. ఇన్నేళ్లూ అందరి వెనకా నడిచాను నెరెయిదా. ఒక్కసారి ముందు నడవాలని ఉంది. నాకు రాదు. నువ్వు నేర్పాలి. నాలుగు రోజులున్నాయి."

నేను ఏమీ అనకముందే లేచి, పెరడు మధ్యకు వెళ్లి, ఉత్త కాళ్లతో ఇసకలో నిలబడ్డారు. వీపు నిటారుగా పెట్టారు. మొదటి రోజు విద్యార్థిలా నా నోటి వైపే చూస్తున్నారు.

"మొదటి అడుగేది?"

చెప్పాను. కుడి మోకాలు ఎత్తి, మడమ నేలకు ఆనించి, బరువు దాని మీదకు తేవాలి.

ఆయన మోకాలు ఎత్తారు. మడమ ఆనించారు. నవ్వుతూ బరువంతా దాని మీదకు తెచ్చారు. మోకాలి లోపల ఎండు కొమ్మ విరిగినట్టు ఒక చప్పుడైంది. నాకు వినపడింది. నొప్పి ఇంకా తెలియలేదేమో, ఆయన నవ్వుతూనే, రెండో అడుగేమిటని నా నోటి వైపు చూస్తున్నారు.